మిద్దె మీద రెండు సోలార్ ఇన్వర్టర్లు కలిపిచ్చినారు – నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు ఇయ్యలేదో కూడా రాసినా

ఈ షాపు గురించి మార్చి నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటానే ఉన్నా, ఒక ఎండాకాలం ఒక వానాకాలం చూసినాక రాస్తే మేలని ఆగినా. సోలార్ పెట్టించుకున్న వారానికే ఐదు స్టార్లు ఇచ్చేటోళ్ళను చూస్తే నాకు నవ్వొస్తాది, మొదటి వారం ఎవరు పెట్టినా పనిచేస్తాది కదా. మాది అనంతపురమే, సాయినగర్ పక్క. కింద మా నాయన వాళ్ళు, పైన మేము, ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్, బోరు మోటర్ ఉంది, రెండు ఏసీలు.

ముందు మా గోడు చెప్తా, లేకపోతే వీళ్ళు ఏం చేసినారో అర్థం కాదు. 2022లో 3 కిలోవాట్లది పెట్టించినాం, పాత రకం 335 వాట్ల ప్యానెళ్ళు 9. అది బాగానే పోతా ఉండింది. 2024లో పైన రెండో ఏసీ వచ్చినాక బిల్లు మళ్ళా ఎక్కువ రాబట్టె, అదే పెట్టినాయన్ను పిలిస్తే ఇంకో 5 కిలోవాట్లు వేద్దాం సార్ అని 545 వాట్లవి 10 ప్యానెళ్ళు, ఇంకో కంపెనీ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే డబ్బా) ఒకటి తెచ్చి పాత దాని పక్కనే బిగించి పోయినాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం, ఫోన్ ఎత్తడం కూడా మానేసినాడు లెండి.

బిగించిన పది రోజులకే మొదలైంది. పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా రెండూ బ్రహ్మాండంగా తిరుగుతాయి. పదకొండు దాటిందంటే ఒకటి టక్కున ఆగిపోతాది, ఎర్ర లైటు, గ్రిడ్ ఓవర్ వోల్టేజ్, అంటే కరెంటోళ్ళ లైనులో వోల్టేజ్ ఎక్కువ అని చూపిస్తాది. ఒక నిమిషం ఆగి మళ్ళా లేస్తాది, అది లేవగానే ఇంకోటి పడిపోతాది. మధ్యాహ్నం రెండున్నర దాకా ఇదే ఆట. సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు పని ఎగ్గొట్టి, చల్లబడినాక పని చేసే ఇన్వర్టర్లు మావి. 8 కిలోవాట్లకు పైగా ప్యానెళ్ళు పెట్టుకుని రోజుకు 21, 22 యూనిట్లు వస్తే కడుపు మండదా. మన పక్క కిలోవాట్ కు నాలుగు యూనిట్లు సులభంగా రావాలి, అంటే 33 దాకా.

దీనికి ఎవరిని అడిగినా ఒకటే మాట, "రెండు కంపెనీల ఇన్వర్టర్లు కదప్పా, ఒకదాంతో ఒకటి కొట్లాడుతాయి". మా మామ కూడా అదే అన్నాడు, వైర్‌మన్ కూడా అదే అన్నాడు. ఒక పెద్ద షోరూములో అయితే రెండూ పీకేసి 10 కిలోవాట్ల త్రీ ఫేజ్ ఇన్వర్టర్ ఒకటి పెట్టుకోమని లక్షకు దగ్గర కొటేషన్ చేతిలో పెట్టినారు. ఇంకొక ఎలక్ట్రీషియన్ ఇంకా తెలివైనోడు, సెట్టింగ్స్ లోకి పోయి దేశం పేరు మార్చేస్తే 270 వోల్టుల దాకా ఆగకుండా నడుస్తాది, రెండు వేలు ఇయ్యి చాలు అన్నాడు. నేను ఒప్పుకునేటోన్నే, మా ఆవిడ వద్దనింది కాబట్టి బతికిపోయినాం.

అప్పుడు మా ఆఫీసులో ఒకాయన ఈ షాపు పేరు చెప్పినాడు. పోయి చూస్తే షాపు చూడ్డానికి ఏం ఉండదు, ఒక షట్టరు, లోపల రెండు ప్యానెళ్ళు గోడకు ఆనించి, కౌంటర్ నిండా ప్యానెళ్ళ వైర్లు కలిపే ఎమ్‌సీ4 కనెక్టర్లు శెనక్కాయలు పోసినట్ల పోసినాడు. నేను రెండు ఇన్వర్టర్లు కొట్లాడుతా ఉన్నాయన్నా అంటే ఓనర్ అన్న నవ్వి, "కొట్లాడవు సార్, వాటికి ఒకదాని మొహం ఒకటి తెలీనే తెలీదు. రేపు పన్నెండుకు వస్తా. పొద్దున రమ్మనొద్దు, ఎండ నెత్తి మీద ఉన్నప్పుడే రోగం బయటపడేది" అన్నాడు. ఆ మాటకే నాకు సగం నమ్మకం వచ్చేసింది. మిగతా వాళ్ళందరూ సాయంత్రం ఐదుకొచ్చి రెండూ బాగానే తిరుగుతా ఉన్నాయి కదా అని పోయినోళ్ళే.

పన్నెండుంపావుకు వచ్చినాడు, వెంట ఒక తమ్ముడు. బ్యాగులోంచి క్లాంప్ మీటర్ తీసి మొదట మిద్దె ఎక్కలేదు, కింద కరెంటు మీటర్ కాడికి పోయినాడు. అక్కడ చూస్తే 244 వోల్టులు. తర్వాత పైకి పోయి ఇన్వర్టర్ కాడ చూస్తే 254. నన్ను పిలిచి రెండూ చూపించినాడు. ఒకే వైరు, ఈ కొస ఒక లెక్క ఆ కొస ఇంకో లెక్క. పది వోల్టులు మధ్యలో యాడ పుట్టినాయి సార్ అని నన్నే అడిగినాడు, పరీక్ష పెట్టినట్ల. నాకేం తెలుసు.

అప్పుడు గోడ మీద పెన్సిల్ తో రాసి చెప్పినాడు, ఆ లెక్క ఇప్పటికీ మా మెట్ల గోడ మీద ఉంది. ముందాయన రెండు ఇన్వర్టర్ల కరెంటునూ పాత 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరులోనే కలిపేసినాడు, అది కూడా ఆర్, వై, బీ అని మూడు ఫేజులుంటే ఒకే ఫేజు మీద, ఆర్ ఫేజు. మిద్దె నుంచి ఇంటి ముందర మీటర్ దాకా 40 మీటర్లు, పోనూ రానూ 80. ఆ వైరుకు కిలోమీటరుకు 4.6 ఓములు, 80 మీటర్లకు 0.37 ఓము. ఆ టైముకు రెండూ కలిపి 27 ఆంపులు తోస్తా ఉన్నాయి. 27 ఇంటూ 0.37, పది వోల్టులు. అంతే కథ. 3 కిలోవాట్లు ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు వోల్టులే పెరిగేది కాబట్టి ఎవరికీ తెలీలేదు.

ఇది ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు అర్థం కావడానికే టైం పట్టింది. మామూలుగా మనం కరెంటు వాడుకుంటే వైరు చివర వోల్టేజ్ తగ్గుతాది, పల్లెల్లో చివరి ఇంట్లో బల్బు డిమ్ముగా ఉన్నట్ల. సోలార్ లో రివర్సు, మనం బయటికి తోస్తా ఉన్నాం కాబట్టి మన కొస కాడ వోల్టేజ్ పెరుగుతాది. రెండు బోర్ల నీళ్ళు ఒక ఇంచు పైపులో తోస్తే మోటర్ కాడ ప్రెషర్ పెరిగినట్ల. కేంద్ర విద్యుత్ అథారిటీ 2013 రూల్స్ ప్రకారం వోల్టేజ్ 110 శాతం దాటితే, అంటే మన 230కి 253 దాటితే, రెండు సెకన్ల లోపల ఇన్వర్టర్ ఆగిపోవాలి. మళ్ళా లేవాలంటే లైను సరిగ్గా ఉందని కనీసం 60 సెకన్లు చూసుకోవాలి. మా ఇంట్లో జరిగింది అదే. ఒకటి ఆగుతానే కరెంటు తగ్గి వోల్టేజ్ దిగుతాది, రెండోది హాయిగా తిరుగుతాది, నిమిషం తర్వాత మొదటిది లేస్తానే మళ్ళా 254, ఈసారి ఎవరికి ముందు తగిలితే వాళ్ళు పడిపోతారు. చూసేటోనికి కొట్లాడినట్లే కనపడతాది.

మరి రెండు కంపెనీలవి కలిస్తే పర్వాలేదా అని అడిగినా. దానికి ఆయన చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "చెక్కభజన చూసినారా సార్? పక్కోని కాళ్ళు చూసి ఎగిరితే అడుగు తప్పుతాది. అందరూ గురువు తాళం విని ఎగురుతారు, అందుకే ఇరవై మంది అయినా ఒకే అడుగు పడతాది. ఇక్కడ గురువు గ్రిడ్. 50 హెర్ట్జ్ తాళం అదే వేస్తాది, ఏ ఇన్వర్టర్ కా ఇన్వర్టర్ ఆ తాళం విని తన కరెంటు కలుపుతాది. పక్కన ఎవడున్నాడో దానికి అక్కర్లే." అని, "గురువు ఆపితే?" అని నన్ను అడిగి తనే, "అందరూ ఆపాల్సిందే, కరెంటు పోతే సోలార్ కూడా ఆగేది అందుకే. లేకపోతే లైను మీద పనిచేసే లైన్‌మన్ చచ్చిపోతాడు" అన్నాడు. వెంట వచ్చిన తమ్ముడు ఎన్పీ కుంట సోలార్ పార్కులో పని చేసినాడంట, వాడు మధ్యలో అందుకుని "ఆడ ఒక ఇన్వర్టర్ యాడుంటాది సార్, లెక్కపెట్టలేం" అన్నాడు. నిజమే, కర్నూలు దగ్గర గని, శకునాల పార్కు 1000 మెగావాట్లు, అది ఒక డబ్బాతో నడుస్తాదా. ఇంత చిన్న ఆలోచన నాకు రాలేదే అనిపించింది.

బ్యాటరీతో నడిచే ఆఫ్ గ్రిడ్ ఇన్వర్టర్లు వేరే జాతి అంట. వాటిల్లో గ్రిడ్ ఉండదు కాబట్టి తాళం వేసే గురువు వాటిల్లోనే ఒకటి కావాలి, అందుకే అవి ఒకే కంపెనీ ఒకే మోడల్ ఉండాలి, మధ్యలో డేటా కేబుల్ లాగాలి. ఆ మాట ఎవరో విని ఈ ఇన్వర్టర్లకు అంటగట్టినారన్నమాట.

దీని మీదనే ఇంకో గందరగోళం, మన ఊర్లో ఇన్వర్టర్ అంటే హాల్లో బ్యాటరీ కింద పెట్టుకునేది కదా. మా నాయన రెండేండ్లు సోలార్ ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఎందుకు తిరగదు అని నన్ను తిట్టినాడు. ఈ అన్న ఓపికగా ఆయనకు కూడా చెప్పినాడు. చెప్పడమే కాదు, హాల్లో బ్యాటరీ ఇన్వర్టర్ లైను ఏ గదులకు పోయిందో ఒక్కొక్క స్విచ్ వేసి చూసినాడు. ఎందుకంటే సోలార్ ది పొరపాటున ఆ బ్యాటరీ ఇన్వర్టర్ తర్వాత లైనులో కలిపి ఉంటే, కరెంటు పోయినప్పుడు సోలార్ ఇన్వర్టర్ దాన్నే గ్రిడ్ అనుకుని దాని నెత్తిన కరెంటు తోస్తాది, బ్యాటరీ ఇన్వర్టర్ కాలిపోతాది. మాది సరిగ్గానే ఉంది, కానీ చూసినాడు చూడండి, ముందాయన దాని జోలికే పోలేదు.

పాత డబ్బా మూత తీసినప్పుడు మాత్రం నాకు గుండె ఝల్లుమనింది. రెండు ఇన్వర్టర్లకూ కలిపి ఒకటే 32 ఆంపుల ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్). దాని కింద న్యూట్రల్ స్క్రూ కాడ వైరు పైన తొడుగు గోధుమ రంగుకు తిరిగి, ముడుచుకుపోయి, గోరుతో గీకితే శెనక్కాయ పొట్టు మాదిరి రాలింది. వాసన కూడా మాడు వాసన. ఆ తమ్ముడు స్క్రూడ్రైవర్ పెడితే అర చుట్టు తిరిగింది, అంత లూజు. ఇంకో రెండు ఎండాకాలాలు పోయుంటే ఏమయ్యేదో. రెండూ ఫుల్ గా తోస్తే 8 కిలోవాట్లకు 35 ఆంపులు అవుతాది, 32 దానికి పట్టదు, ఆ వైరుకు అసలే పట్టదు.

సరే రేపే మొదలుపెట్టు అన్నా అంటే, లేదు సార్ అన్నాడు. "ఈ 5 కిలోవాట్లకు పర్మిషన్ కాగితం ఏది?" అని అడిగినాడు. నా దగ్గర 3 కిలోవాట్ల కాగితమే ఉంది, ముందాయన రెండో దానికి అప్లికేషనే పెట్టలేదు, నాకు పెట్టాలని తెలీదు కూడా. మన కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ లో కెపాసిటీ పెంచినట్లు రాయించుకునే దాకా చేయి పెట్టనని కూర్చున్నాడు, పైగా 5 కిలోవాట్లది ఆఫ్ చేసి ప్యానెళ్ళ వైపు డీసీ స్విచ్ తిప్పేసి పోయినాడు. నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది, దుడ్డు పెట్టిన వస్తువు మిద్దె మీద ఎండుతా ఉంటే ఎవరికి రాదు. కానీ అప్లికేషన్ వాళ్ళే పెట్టినారు, సింగిల్ లైన్ డయాగ్రమ్ (వైరింగ్ బొమ్మ) వాళ్ళే గీసినారు, నేను రెండు సంతకాలు పెట్టినా అంతే. పని ఆయినాక కరెంటు కంపెనీ వాళ్ళు చెక్ చేయడానికి వచ్చినప్పుడు కూడా వీళ్ళే దగ్గరుండినారు.

సబ్సిడీ గురించి కూడా ఉన్నది ఉన్నట్లు చెప్పినారు. కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు తలా 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల కాడ ఆగిపోతాది, 5 పెట్టినా 10 పెట్టినా అదే 78. ఊర్లో కొంతమంది ఎక్కువ కిలోవాట్లు పెట్టుకుంటే ఎక్కువ సబ్సిడీ అని నమ్మిస్తా ఉన్నారు, జాగ్రత్త. మాకు పాతదానికి ఎప్పుడో వచ్చేసింది, రెండో దానికి ఏమీ రాదని మొదటిరోజే చెప్పేసినాడు.

పని రెండు రోజులు జరిగింది. కేబుల్ కు రెండు లెక్కలు ఇచ్చినారు, రాగిలో 10 స్క్వేర్ ఎంఎం నాలుగు కోర్లది, లేదా అల్యూమినియం 16 స్క్వేర్ ఎంఎం ఆర్మర్డ్. రెండింటి ఓములు ఇంచుమించు ఒకటే అంట, రేటు మాత్రం రాగిది రెండింతల పైనే. అల్యూమినియం తీసుకున్నా. అయితే అల్యూమినియం తీసుకుంటే చివర్లో రాగి, అల్యూమినియం రెండూ కలిసిన లగ్గులు (వైరు కొసకు తొడిగే ముక్కలు) వేయాలి, నేరుగా ఎమ్‌సీబీలో దూర్చితే కొన్నాళ్ళకు లూజై మళ్ళా మాడుతాది. వీళ్ళు లగ్గులు వేసి మిషన్ తో నొక్కినారు, సుత్తితో కొట్టలేదు. చిన్న విషయమే గానీ సుత్తితో కొట్టేటోళ్ళనే నేను ఎక్కువ చూసినా.

5 కిలోవాట్లదాన్ని వై ఫేజుకు మార్చినారు. మూడు ఫేజులూ కొలిస్తే వై మీద వోల్టేజ్ 238, ఏసీలు కూడా దాని మీదే ఉన్నాయి, పగలు పుట్టింది ఆడికాడే ఖర్చవుతాది. 3 కిలోవాట్లది ఆర్ మీదే ఉంచినారు. మిద్దె మెట్ల గదిలో కొత్త ఏసీడీబీ డబ్బా (ఇన్వర్టర్ల నుంచి వచ్చే వైర్లు కలిసే స్విచ్చుల డబ్బా), అందులో చిన్నదానికి 20 ఆంపుల ఎమ్‌సీబీ, పెద్దదానికి 32, రెండూ కలిసినాక 40 ఆంపుల నాలుగు పోల్ ది ఒకటి, సర్జ్ ప్రొటెక్షన్ ఒకటి. కింద మీటర్ పక్కన తాళం వేసుకునే ఐసోలేటర్ (లైను తెంపే స్విచ్), లైన్‌మన్ కు బయటినుంచే కనపడేటట్ల. ఇన్వర్టర్లు కూడా పడమటి గోడ మీద ఎండకు మాడుతా ఉన్నవి పీకి మెట్ల గదిలో పక్కపక్కన జానెడు పైనే సందు పెట్టి బిగించినారు. మన ఊర్లో ఏప్రిల్ లో 42, 43 డిగ్రీలు మామూలే, ఎండలో ఉన్న ఇన్వర్టర్ వేడికి తనే పవర్ తగ్గించుకుంటాది. ఒకదాని మీద ఒకటి ఎందుకు పెట్టకూడదంటే కింద దాని వేడంతా పైదానికి కొడతాది.

ఎర్తు సంగతి కూడా. ముందాయన ఇన్వర్టర్ల ఏసీ సైడు (ఇంటి కరెంటు వైపు) ఎర్తును బాత్రూం గీజర్ ఎర్తుకే ముడేసినాడు. ఇప్పుడు ప్యానెళ్ళకు, ఏసీ సైడుకు, పిడుగు కడ్డీకి మూడూ వేరేవేరే గుంతలు. మా పెరట్లో రాయి తగిలి గుంత తీయడానికి ఆ పిల్లోళ్ళు పడిన కష్టం చూసి మా అమ్మ ఉగ్గాని బజ్జి చేసి పెట్టింది.

నేను ఒక అతి తెలివి సలహా ఇచ్చినా, కొత్త ఇన్వర్టర్ లో కెపాసిటీ మిగిలి ఉంది కదా, పాత ప్యానెళ్ళ లైను నుంచి ఒక వై కనెక్టర్ (ఒక లైనును రెండుగా చీల్చేది) వేసి దానికి కూడా ఇస్తే? ఆ అన్న నా వైపు చూసిన చూపు ఉంది చూడండి. ఏసీ సైడు ఎన్ని ఇన్వర్టర్లయినా కలపొచ్చు గానీ డీసీ సైడు, అంటే ప్యానెళ్ళ వైపు, ఒక స్ట్రింగు ఒక ఇన్వర్టర్ కే, ఒకే ప్యానెళ్ళ వరసను రెండు ఇన్వర్టర్లకు కలిపితే రెండూ పోతాయి. పాత 335 ప్యానెల్ కు కొత్త 545 ప్యానెల్ తో వరసగా కూడా కలపకూడదు, పాతది 9 ఆంపుల లోపు, కొత్తది 13 దాకా ఇస్తాది, కలిపితే కొత్తవి కూడా పాతదాని లెక్కకు దిగిపోతాయి. నోరు మూసుకున్నా.

సెట్టింగ్స్ మార్చి 270 పెట్టే కథ కూడా చెప్పినా. "అది మీ ఇన్వర్టర్ కోసం పెట్టిన లిమిట్ కాదు సార్, మీ ఫ్రిజ్, మీ టీవీ, పక్కింటోళ్ళ టీవీ కోసం పెట్టింది" అన్నాడు. ఒక్క ముక్కలో.

పని ఆయినాక మరుసటి రోజు పన్నెండున్నరకు మళ్ళా వచ్చి నా ముందరే కొలిచినాడు. ఆర్ ఫేజు మీటర్ కాడ 242, ఇన్వర్టర్ కాడ 243. వై ఫేజు 239, పైన 241. నేను ఆ రోజు రెండు గంటలు మెట్ల గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నా, రెండు పచ్చ లైట్లూ ఆరలేదు. భోజనానికి రమ్మని మా ఆవిడ మూడుసార్లు పిలిచింది. ఏప్రిల్ లో మంచి రోజు 36 యూనిట్లు దాటింది. దుమ్ము పడితే తగ్గుతాది, మన పక్క వానలే తక్కువ కదా, ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు, వాన కడుగుతాదిలే అనుకుంటే ప్యానెళ్ళ మీద ఆవాలు చల్లొచ్చు. పదిహేను రోజులకొకసారి పొద్దున్నే నీళ్ళు కొట్టుకోవాల్సిందే.

ఖర్చు కేబుల్, డబ్బా, ఎర్తు గుంతలు, కూలి అన్నీ కలిపి 31 వేల చిల్లర. లక్ష కొటేషన్ పక్కన పెట్టి చూసుకోండి. ఇన్వర్టర్ అమ్మితే వాళ్ళకు ఎంతో కొంత మిగిలేది, అమ్మకుండా వైరు మార్చి పంపినారు.

ఇప్పుడు ఆ ఐదో స్టారు. కొత్త డబ్బాలో వీళ్ళు రెండు ఇన్వర్టర్లకూ కలిపి 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (ఎర్తుకు కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఒకటి పెట్టినారు. ఎండాకాలం ఏమీ కాలేదు. సెప్టెంబరులో మొదటి గట్టి వాన పడిన పొద్దున అది ట్రిప్పు, పైకి లేపితే మళ్ళా ట్రిప్పు, తడి ఆరినాక పదికి నిలబడింది. ప్యానెళ్ళు తడిసినప్పుడు ప్రతి ఇన్వర్టర్ నుంచీ కొంచెం కొంచెం లీకేజ్ కరెంటు ఎర్తుకు పోతాది, అది మామూలే, కానీ రెండింటిదీ ఒకదాంట్లోనే పోగైతే 30 చాలదు. ఇదంతా వాళ్ళకు ముందే తెలిసి ఉండాలి కదా, అంత లెక్క రాసిన మనిషికి. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి, ఆడ పని ఉంది సార్, ఈడ పని ఉంది సార్ అని తొమ్మిది రోజులు తిప్పినారు. తొమ్మిది రోజులూ పొద్దున్నే లేచి మిద్దెక్కి స్విచ్ లేపడం నా డ్యూటీ. వచ్చినాక మాత్రం అన్న తప్పు నాదే అని ఒప్పుకుని, రెండింటికీ విడివిడిగా 100 మిల్లీ ఆంపులవి వేసినాడు, దుడ్డు తీసుకోలేదు. ఆ తర్వాత అక్టోబరులో రెండు రోజులు వదలకుండా వాన పడినా ఒక్కసారి కూడా పడలేదు.

ఇంకో చిన్న చిరాకు, ఇది వీళ్ళ తప్పు కాదు గానీ రెండు కంపెనీలవి పెట్టుకోవాలనుకునేటోళ్ళకు పనికొస్తాది. రెండు కంపెనీలు కాబట్టి రెండు యాప్ లు, రెండు వైఫై డాంగిల్స్, రెండు పాస్‌వర్డ్ లు. రెండూ చూసి కూడుకోవాలి. ఆ కూడిక నెట్ మీటర్ (లోపలికి వచ్చిందీ బయటికి పోయిందీ లెక్కపెట్టే కరెంటు మీటర్) లెక్కకు ఎప్పుడూ సరిపోదు, సరిపోకూడదు కూడా, ఎందుకంటే ఇంట్లో వాడుకోగా మిగిలిందే మీటర్ దాటి బయటికి పోతాది. యాప్ లో 34 ఉంది మీటర్ లో ఎక్స్‌పోర్ట్ 19 ఏ ఉంది, దొంగతనం అయితాంది అని మా మామ మాదిరి షాపుకు ఫోన్ చేయొద్దు. ఇంకా ఎవరైనా బయటికి పంపకుండా జీరో ఎక్స్‌పోర్ట్ పెట్టుకునేటట్లయితే రెండు కంపెనీలతో ఇబ్బందే అంట, మీటర్ కాడ సీటీ (వైరులో కరెంటు కొలిచే రింగు) పెట్టి ఒకే కంట్రోలర్ రెండింటికీ చెప్పాలి, ఎవరి సీటీ వాళ్ళు పెట్టుకుంటే ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెంచుతాది. కొట్లాట అనే మాట అక్కడైతే నిజం.

డబ్బా మీద ఏది ఏ ఇన్వర్టర్ దో లేబుల్ అతికిస్తామన్నారు, ఇంతవరకు అతికించలేదు, నేనే మా పాప స్కెచ్ పెన్ తో పెద్దది, చిన్నది అని రాసి పెట్టినా. పోవాలనుకునేటోళ్ళు సాయంత్రం ఆరు తర్వాత పోండి, పగలంతా అన్న ఎవరిదో మిద్దె మీద ఉంటాడు, ఫోన్ ఎత్తడు. పోయేటప్పుడు కరెంటు బిల్లు, పాత పర్మిషన్ కాగితం, ఇన్వర్టర్ మీద స్టిక్కర్ ఫోటో తీసుకుపోండి, అవి లేకుండా పోతే టీ తాగిచ్చి వెనక్కి పంపిస్తాడు.